దెబ్బల డబ్బా

ఈ గది నేల తెల్లగా ఉందని అందరూ అనుకుంటారు. నిలబడి చూసేవాళ్ళకి అలాగే కనిపిస్తుంది మరి. మంచానికి తలవైపు చేసిన గుండ్రటి కంతలో ముఖం దూర్చి బోర్లా పడుకున్నవాడికి మాత్రమే తెలుస్తుంది, ఇందులో బూడిదరంగు మచ్చలున్నాయని, ఒకటి బోల్తాపడ్డ పడవలా ఉందని, ఇంకొకటి ఎవరో కొరికి వదిలేసిన బిస్కట్టులా ఉందని, ఆ బిస్కట్టు పక్కనుంచి సన్నటి పగులొకటి బయల్దేరి మంచం కోడు కిందకి దూరిపోయిందని. పొద్దుట్నించీ ఆ పగులు వెంటే వెళ్తున్నాను, కోడు దగ్గర ఆగిపోతున్నాను, మళ్ళీ వెనక్కొస్తున్నాను. చూడటానికి ఎడమ కన్ను ఒక్కటే ఉంది. కుడి కన్ను మీద దూది, దూది మీద ప్లాస్టిక్ మూత, ఆ మూత కింద, కంటి లోపల, డాక్టరు ఎక్కించిన గ్యాసు బుడగ. బుడగ ఎప్పుడూ పైకే పోతుందట. కంటి వెనక గోడనించి ఊడొచ్చిన పొరని అది నెట్టి పట్టుకుని గోడకి అతికించాలంటే నేను కిందికి చూస్తూనే ఉండాలట. తినేటప్పుడూ కిందికే, నడిచేటప్పుడూ కిందికే, మాట్లాడేటప్పుడూ కిందికే. "జీవితమంతా బల్ల మీదికి తలొంచుకునే కూచున్నారుగా, మీకిదేం కొత్త," అంది మా ఆవిడ. నవ్వించడానికే అంది. నవ్వితే తల కదుల్తుందని నవ్వలేదు నేను. ఇంకో గంటలో డాక్టరొచ్చి మూత తీస్తాడు, లోపల ఏదైనా వెలుగుందో లేదో చూస్తాడు. ఆ గంట ఇదిగో, ఇలా నేల మీద మెల్లగా పాకుతోంది.

తలొంచుకున్నవాడికి మనుషులు కాళ్ళుగా వస్తారు. నర్సమ్మ తెల్ల బూట్లు కిచుకిచుమంటాయి, ఎడమ బూటు కొంచెం ఎక్కువగా. మా ఆవిడ చెప్పులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూచుంటాయి, కోపం వస్తే దిగుతాయి. మా అమ్మాయి కాళ్ళు మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. వచ్చి నిలబడుతుంది, పళ్ళ రసం సీసా వాళ్ళమ్మ చేతికిచ్చి వెళ్ళి బయట బెంచీ మీద కూచుంటుంది. ఆ కాళ్ళకి ఎప్పుడూ ఉండే ఆకుపచ్చ లేసుల బూట్లు లేవు. ఇంట్లో స్నానాలగదికి వేసుకునే నీలం రబ్బరు చెప్పులు ఉన్నాయి. ఊహ తెలిసినప్పట్నించీ బూట్లు విప్పని మనిషి, పెళ్ళిలో కూడా చీర కింద అవే వేసుకుని వాళ్ళమ్మ చేత చివాట్లు తిన్న మనిషి, ఆస్పత్రికి రబ్బరు చెప్పులేసుకుని వస్తోంది. దెబ్బ తగిలింది నా కంటికేగాని, ఆ చెప్పులు చూసినప్పుడే నాకు నిజంగా నొప్పెడుతోంది. షటిల్ హాలుకి తాళం వేసి తాళంచెవి వాళ్ళమ్మకి ఇచ్చేసిందట. నేర్చుకునే పిల్లల్ని వేరే కోచ్‌ని చూసుకోమందట. ఇక రాకెట్ పట్టనంటోంది, అంది మా ఆవిడ, చెప్పులు కిందికి దించి. కన్ను వస్తే వస్తుంది, రాకపోతే ఇంకోటుంది, ఒంటికన్నుతోనూ అక్షరాలు చదవొచ్చు. కానీ అది రాకెట్ వదిలేస్తే దాని దగ్గర ఇంకో రాకెట్ లేదు. డాక్టరొచ్చేలోగా దానికి చెప్పాల్సిన మాట ఒకటి నాకు దొరకాలి. మాటలతోనే బతికినవాణ్ణి, ఒక్క మాట దొరక్క ఇలా నేల చూపులు చూస్తున్నాను.

ఎలా తగిలింది అని అందరూ అడుగుతారు. తగిలింది, అంతే. మన భాషలో ఉన్న సుఖం అదే, దెబ్బ దానంతటదే వచ్చి తగుల్తుంది, గుమ్మం తగుల్తుంది, ఎండ తగుల్తుంది, బజార్లో పాత స్నేహితుడు కూడా తగుల్తాడు, ఎవర్నీ బోనులో నిలబెట్టక్కర్లేదు. పొద్దున్నే హాలుకి నన్ను కూడా లాక్కెళ్తుంది మా అమ్మాయి, ఒళ్ళు వంగుతుంది రా నాన్నా అని, నేలమీద పడ్డ ఈకల కాక్‌లు ఏరి గొట్టంలో పెట్టే ఉద్యోగం ఇచ్చింది నాకు. వంగి ఏరుతున్నాను. అవతల అది పిల్లలకి స్మాష్ ఎలా కొట్టాలో చూపిస్తోంది, చూడండర్రా, భుజం కాదు మణికట్టు, అంటోంది. ఏదో మాట గుర్తొచ్చింది నాకు. దానికి చెబుదామని నెట్ పక్కనించి లేచి నిలబడ్డాను, నోరు కూడా తెరిచాను. తర్వాత తెల్లటి ఈక ఒకటి, చాలా పెద్దది, లోకమంత ఈక. దాని తర్వాత హాలు పైకప్పు, పైకప్పులో ఓ మూల పిచ్చిక గూడు, నా మీదికి వంగిన పిల్లల మొహాలన్నీ కలిసిపోయి ఒకే మొహం. ఏ మాట చెబుదామని లేచారు అని మా ఆవిడ ఇప్పటికి చాలాసార్లు అడిగింది. గుర్తు రావటం లేదే. అంత కొంప మునిగే మాటేం కాదు, ఆగి చెప్పినా పోయేది కాదు.

ఆ పూట ఆస్పత్రిలో నోరు మూసుకున్నా బావుండేది. కంటి డాక్టరు చూసి నర్సమ్మతో, ఇంజురీ అని రాయండి, అన్నాడు. నేను ఊరుకోవచ్చుగా. కన్ను చితికిపోయి కూచున్నవాడు ఎవడైనా అమ్మా అంటాడు, అబ్బా అంటాడు. నేను, "ఇంజురీ వద్దండీ, ఆ మాట పుట్టుకలో న్యాయం కానిది అని ఉంది, లాటిన్‌వాళ్ళు అన్యాయాన్నే అలా అనేవాళ్ళు, ఇక్కడ ఎవరూ అన్యాయం చెయ్యలేదు, హర్ట్ అని రాయండి," అన్నాను. నా బిడ్డ మీద మాట పడకూడదని అన్నాను, అంతకుమించి ఏమీ లేదు. డాక్టరు నవ్వి, "హర్ట్ అని రాస్తే మనసుకి తగిలిందనుకుంటారు సార్, ఇది కంటి ఆస్పత్రి," అన్నాడు. నర్సమ్మ కూడా నవ్వింది. నేనూ నవ్వాను. మా అమ్మాయి నవ్వలేదు. "ఇంజురీ అనే రాయండి డాక్టర్, చేసింది నేను," అంది. నేను గడప దాటించి బయటికి పంపుదామనుకున్న మాటని అది పిలిచి ఇంట్లో కూచోబెట్టుకుంది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. నిఘంటువు రాసేవాడికి తప్ప ఇంత తెలివితక్కువ ఓదార్పు ఇంకెవరికి తోస్తుంది.

మా ఆఫీసులో ఆ మాటలకి వేరే డబ్బా ఉండేది. ఇంగ్లీషు మాటలకి మన మాటల్లో అర్థాలు రాయడం మా పని, ఒక్కో మాటకీ ఒక్కో అట్టచీటీ. చీటీ అచ్చుకి వెళ్ళే ముందు ఎదురు చదువు అని ఒకటుండేది. పైనున్న ఇంగ్లీషు మాట మీద అట్టముక్క అడ్డంపెట్టి, కింద మేం రాసిన అర్థం మాత్రమే చదివి, ఇది ఏ మాటో ఎదుటివాళ్ళు చెప్పాలి. చెప్పలేకపోతే తప్పు వాళ్ళది కాదు, రాసినవాడిది. నా చీటీలు చదివే ఆవిణ్ణి మేమంతా అట్టముక్కమ్మగారు అనేవాళ్ళం, ఆవిడకి తెలుసు, పలికేది కూడా. నా దగ్గరకొచ్చిన కష్టం ఏమిటంటే, మనిషికి చెడుపు చేసే మాటలన్నీ వరసగా నా వాటాకే వచ్చాయి. హర్ట్, హార్మ్, ఇంజురీ, వూండ్, డ్యామేజీ, బ్రూజ్. ఏది తీసినా గాయం, హాని, నొప్పి, దెబ్బ, వీటినే అటూ ఇటూ సర్ది రాసేవాణ్ణి. అట్టముక్కమ్మగారు ఒకటి చదివి ఇంకోటి చెప్పేది. ఆవిడ చెప్పింది తప్పని నేను తల ఊపితే చాలు, చీటీ నా బల్ల మీదికి విసిరి, "రేపు మళ్ళీ రావాలి," అనేది. అదే రూలు. తప్పిన చీటీ మర్నాడు మళ్ళీ రావాలి. అలా వచ్చి వచ్చి వాటికొక బిస్కట్ డబ్బా ఏర్పడింది, దాని మీద ఎవరో దెబ్బల డబ్బా అని రాశారు. ఆఫీసంతా నవ్వుకునేది. ఏవండీ, ఇవాళ ఎన్ని దెబ్బలు తిన్నారు, అని అడిగేవాళ్ళు కాఫీ దగ్గర.

అర్థంతో పట్టుబడని మాటల్ని పుట్టుకతో పట్టుకుందామని అప్పుడు మొదలుపెట్టాను. ఆ డబ్బా ఇంటికి తెచ్చేవాణ్ణి. మా అమ్మాయి అప్పటికి నా నడుమంత ఉండేది, బల్ల కింద దూరి వెల్లకిలా పడుకుని పైకి చూస్తూ, చదువు నాన్నా, అనేది. అట్టముక్కమ్మగారి పని తను పుచ్చుకుంది. నేను పుట్టుక చెప్పాలి, అది మాట చెప్పాలి. పొట్టేలు కొమ్ములతో కుమ్మినట్టు కుమ్మేది, అంటే హర్ట్. పోగొట్టుకున్నది, నష్టం, అంటే డ్యామేజీ. మీదికి దూకేది, అంటే ఇన్సల్ట్. ఎవరికీ చెరుపు చెయ్యనివాడు, అంటే ఇన్నోసెంట్. ఒకప్పుడు దుఃఖమని కూడా అర్థమున్నది, అంటే హార్మ్, ఇది మాత్రం నేను నోరు తెరవకముందే చెప్పేసేది, దానికి ఆ చీటీ అంటే ఇష్టం, ఎందుకో అడిగితే అందులో ఎవరూ ఎవర్నీ కొట్టలేదుగా అంది. అన్నీ వచ్చేశాక ఆట అయిపోయినట్టే, ఇక పడుకోవాలి. అప్పుడు కావాలని తప్పు చెప్పేది. తెలిసే చెబుతోందని మూతి చూస్తే తెలిసిపోయేది, పెదాలు లోపలికి మడిచేది, నవ్వు ఆపుకోవడానికి. "తప్పు," అనేవాణ్ణి. "అయితే రేపు మళ్ళీ రావాలి," అని బల్ల కిందనించి అరిచేది. ఆ గొంతు ఇప్పుడు ఎక్కడుంది, ఈ గోడకి అవతల బెంచీ మీద ఉంది, అంతే దూరం, పిలిస్తే వినపడేంత.

కన్ను మూతపడుతోంది, చూసే కన్ను. పగులు కోడు కిందనించి మళ్ళీ బయటికొచ్చి పాకుతోంది, పడవ కదిలింది, నేల నీళ్ళయింది. ఎవరో వస్తున్నారు. టక్ టక్ మని గిట్టలు, ఒక పొట్టేలు, బొచ్చుకాళ్ళు, మంచం కిందనించి తల వంచుకుని పోయింది, దానికి ఎవరి మీదా పగలేదు, తలలో దురద తప్ప. హర్ట్, అనుకున్నాను, వెళ్ళు బాబూ. దాని వెనక నల్లటి తళతళలాడే బూట్లు, కోర్టు మెట్లెక్కే బూట్లు, ఆగి ఆగి నడుస్తున్నాయి, ఇది న్యాయం కాదు, ఇది న్యాయం కాదు అని ఒక్కో అడుగుకీ గొణుగుతున్నాయి, వాటిని నేను చూడదలుచుకోలేదు, ఆ గుమ్మం కాదండీ మీది, పక్క గుమ్మం అన్నాను. ఒక కాలికి చెప్పుండి ఒక కాలికి లేనివాడొచ్చాడు, రెండో చెప్పు కోసం మంచం కిందంతా వెతికాడు, పోయిందండీ, పోయింది, అన్నాడు, డ్యామేజీ. ఇన్సల్ట్ గంతులేసుకుంటూ ఒకటే దూకుడుగా వచ్చింది, దానికి నేల మీద కాలు నిలవదు. వూండ్ వచ్చినట్టుంది, దాని కాళ్ళు నాకు కనపడలేదు, అది ఎంత పాతదంటే ఎక్కణ్ణించి నడిచొచ్చిందో దానికే గుర్తులేదు. అట్టముక్కమ్మగారు కూడా ఎక్కడో ఉంది, నా తల వెనక, ఇంకోటుందండీ, ఇంకో చీటీ ఉంది చూడండి, అంటోంది. ఉంది. అది గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. లోపలికి రాదు. నీలం రబ్బరు చెప్పులు. బొటనవేలు గోరు చితికి నల్లబడింది, ఆటలో ఎప్పుడో. హార్మ్, అన్నాను, నువ్వా, ఇన్నాళ్ళూ నువ్వు నా కంట్లో ఉన్నావనుకుంటున్నానే, డాక్టరు కూడా అక్కడే వెతుకుతున్నాడే.

మెలకువొచ్చింది. నిద్రపోయానో లేదో చెప్పలేను. నేల నేలలాగే ఉంది, బిస్కట్టు బిస్కట్టులాగే ఉంది, గుమ్మం దగ్గర రబ్బరు చెప్పులు మాత్రం నిజంగానే ఉన్నాయి. నాకు భయం వేసింది. కన్ను గురించి వెయ్యని భయం, మళ్ళీ ఏదో తెలివైన మాట అంటానని, అది విని ఆ చెప్పులు వెనక్కి తిరిగిపోతాయని. దాన్ని చిన్నప్పట్నించీ ఎంత ప్రేమించానో అంతా ఈ పాడు చీటీల మీదుగానే ప్రేమించాను, వేరే దారి నాకు రాదు. పిలిచాను. "లోపలికి రావే, ఆ గుమ్మాన్ని ఎవరూ ఎత్తుకుపోరు."

చెప్పులు రెండడుగులు వేశాయి. ఆగాయి. మా ఆవిడ చెప్పులు చప్పున కిందికి దిగి, కోపంతో కాదు, కుర్చీ వెనక్కి జరుపుకుని పక్కకి తప్పుకున్నాయి.

"నీ మొహం కనపడట్లేదు నాకు," అన్నాను.

"నాకూ కనపడట్లేదు నాన్నా," అంది.

తర్వాత ఏమైందంటే రబ్బరు చెప్పులు రెండూ ఊడి పక్కకి పడ్డాయి, మోకాళ్ళు ఆనాయి నేలకి, అరచేతులు, ఆ తర్వాత జడ ముందు, తల వెనక, నడుం మీద జారుకుంటూ మా అమ్మాయి మంచం కింద దూరింది. వెల్లకిలా పడుకుని నేలమీద నిదానంగా వెనక్కి జరిగి జరిగి, పడవ మీదికీ బిస్కట్టు మీదికీ వచ్చి, కంత కింద సరిగ్గా నా ముఖానికి ఎదురుగా ఆగింది. కళ్ళు వాచి ఎర్రగా ఉన్నాయి. ఇంత పెద్ద మొహం ఎప్పుడయింది దీనికి, నుదుటి మీద రెండు గీతలు కూడా పడ్డాయి. నా ముక్కు చివరినించి ఒక చుక్క జారి టప్పున దాని చెంప మీద పడింది. అది కళ్ళలోదా ముక్కులోదా అని నేను విచారించలేదు, అదీ విచారించలేదు, తుడుచుకుంది.

"ఏడవకు, బుడగ కదుల్తుందట," అంది.

"నువ్వేడవచ్చు, నీకు బుడగ లేదుగా," అన్నాను. అంతే, ఏడ్చింది. మంచం కింద, ఆ పెద్దమనిషి, పిల్లల్ని గడగడలాడించే కోచ్, చప్పుడు కాకుండా నోరు తెరుచుకుని చాలాసేపు ఏడ్చింది. నేను చెయ్యి కిందికి వేలాడేశాను, అందలేదు, అది పైకి ఎత్తి నా వేళ్ళు పట్టుకుంది. నేను ఏమీ అనలేదు. నేను చేసిన మంచిపనుల్లో అదొకటి.

ఏడుపు నెమ్మదించాక అన్నాను, "చీటీ ఒకటి చదవనా?"

తల ఊపింది.

"చాలా పాత మాట. ఇప్పుడు దాన్ని చేసే పని అనుకుంటున్నారు గానీ, అప్పట్లో దుఃఖమని కూడా అర్థం. ఎవరికి తగిలింది, ఎవరు కొట్టారు అని అది అడగదు. ఎవరు ఎక్కువ ఏడుస్తున్నారో చూసుకుని వాళ్ళ దగ్గరికి పోయి కూచుంటుంది. నా దగ్గర లేదు. నేను మొత్తం వెతుక్కున్నాను, నా దగ్గర ఉన్నది ఒక్క దెబ్బే, అది డాక్టరు చూసుకుంటాడు. ఈ మాట నీ దగ్గరుంది. నాకది బాలేదు. అది ఎవరి దగ్గరున్నా వాళ్ళకే దెబ్బ తగిలినట్టు. ఏ మాట?"

నా ముఖం వంక చూసింది, మూత మీది ప్లాస్టరు వంక చూసింది, మళ్ళీ ఈ కంటిలోకి చూసింది. నేను నోరు తెరవకముందే చెప్పేసే చీటీ అది. చెప్పలేదు. మూతి మెల్లగా కదిలింది. పెదాలు లోపలికి మడుచుకున్నాయి.

"డ్యామేజీ," అంది.

నా గుండె ఒక్కసారి బల్ల కింద పిల్ల దగ్గరికి పరిగెత్తింది.

"తప్పు," అన్నాను.

"అయితే రేపు మళ్ళీ రావాలా?"

"రూలు మారలేదు."

వరండాలో కొత్త బూట్ల చప్పుడు, వెంట నర్సమ్మ కిచుకిచు. గుమ్మంలో ఆగి డాక్టరు, "మంచం కిందనించి ఎవరివండీ ఈ కాళ్ళు?" అన్నాడు. మా ఆవిడ, "మా అమ్మాయివే లెండి, తండ్రితో పనుండి వెళ్ళింది," అంది, లోకంలో తండ్రితో పనున్న ఆడపిల్లలందరూ అలాగే వెళ్తారన్నట్టు. డాక్టరు చేతులు నా చెంప మీదికి వచ్చి ప్లాస్టరు అంచు కోసం తడుముతున్నాయి, వేళ్ళు చల్లగా ఉన్నాయి. కింద మొహం కంతలోంచి తప్పుకుంటోంది, ముందు నుదురు, తర్వాత కళ్ళు, చివరికి గడ్డం, నేల మళ్ళీ నాదయింది. మా అమ్మాయి అటువైపు తేలి, ఒళ్ళు దులుపుకుంటూ, వాళ్ళమ్మ వైపు చెయ్యి చాచినట్టుంది, హాలు తాళంచెవి చప్పుడైంది.

"పొద్దున్న కుదరదు నాన్నా, హాల్లో పిల్లలుంటారు," అంది. "మధ్యాహ్నం వస్తా."